బ్రాస్ వాయిద్యాలకు ఆంబుషూర్‌ను ఎలా సరిదిద్దుకోవాలి

పై స్వరం అందకపోతే మౌత్‌పీస్‌ను పెదవులకేసి ఇంకాస్త గట్టిగా నొక్కడం, ట్రంపెట్ గానీ ట్రాంబోన్ గానీ నేర్చుకునేవారిలో దాదాపు అందరికీ పట్టే అలవాటు. నొక్కితే ఆ క్షణానికి స్వరం పలుకుతుంది కూడా, అందుకే అలవాటు ఒక పట్టాన వదలదు. కానీ రిమ్ (మౌత్‌పీస్ గుండ్రటి అంచు) కింద నలిగిన పెదవికి రక్తం సరిగా అందదు. కాసేపటికి పెదవి మొద్దుబారుతుంది, ఆ తర్వాత ఎంత నొక్కినా పై స్వరం రాదు, కింది స్వరం కూడా గాలి కలిసి బొంగురుగా వస్తుంది. ఆంబుషూర్ అంటే మౌత్‌పీస్ చుట్టూ పెదవులు, చుబుకం, బుగ్గల కండరాలు నిలిచే తీరు. దాన్ని బాగుచేసుకోవడమంటే, ఇప్పుడు చేయి చేస్తున్న పనిని పెదవి మూలలకూ ఊపిరికీ అప్పగించడం. కింద చెప్పేదంతా ఆ ఒక్క పని కోసమే. వేళ్ళ వివరాలు బి ఫ్లాట్ ట్రంపెట్‌వి. ట్రాంబోన్, ఫ్రెంచ్ హార్న్, ట్యూబాలకు తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

పెదవుల దగ్గర ఏం జరుగుతుంది

ట్రంపెట్ మీద స్టాఫ్ (స్వరాలు రాసే ఐదు గీతలు) రెండో గీత మీది జి వాయిస్తే, అది బి ఫ్లాట్ వాయిద్యం కాబట్టి, వినపడేది ఎఫ్. దాని కోసం పెదవులు సెకనుకు సుమారు 349 సార్లు తెరుచుకుని మూసుకుంటాయి. మూడో ఖాళీలోని సి వాయిస్తే సుమారు 466 సార్లు. ఇంత వేగంగా కదలాల్సింది మౌత్‌పీస్ కప్పు (గిన్నెలాంటి భాగం) లోపల ఉన్న కాస్త పెదవి భాగం మాత్రమే. అది మెత్తగా, స్వేచ్ఛగా ఉండాలి. దాన్ని పట్టి ఉంచే బిగువు నోటి మూలల్లోంచీ చుబుకం నుంచీ రావాలి. మూలలు గుడారానికి కొట్టిన మేకుల్లాంటివి. అవి కదలకుండా ఉంటేనే మధ్య గుడ్డ సరిగా నిలుస్తుంది.

స్వరం పైకి వెళ్ళాలంటే మూడు మార్పులు కలిసి జరగాలి. పెదవుల మధ్య సందు చిన్నదవుతుంది, పెదవులు ఒకదానికొకటి మరికాస్త దగ్గరగా బిగుసుకుంటాయి, నాలుక నడిమి భాగం పైకి లేచి గాలి వేగం పెంచుతుంది. ఈ మూడింటిలో ఏదైనా జరగనప్పుడు ఆ లోటు పూడ్చడానికి చేయి నొక్కడం మొదలుపెడుతుంది. కాబట్టి మీరు ఎక్కువ నొక్కుతున్నట్టు తెలిస్తే, చేతిని తిట్టుకోవడం కంటే ఈ మూడింటిలో ఏది తక్కువైందో వెతకడం మేలు.

అమరిక

అద్దం ముందు కూర్చోండి. చేతిలో వాయిద్యం వద్దు, మౌత్‌పీస్ ఒక్కటే చాలు.

1. 'అమ్మ' అనడం మొదలుపెట్టి 'మ్' దగ్గర ఆగిపోండి. పెదవులు తేలిగ్గా కలిసి ఉంటాయి, లోపల పళ్ళు మాత్రం విడిగా ఉంటాయి. మనకు కావలసిన మొదటి స్థితి ఇదే. పళ్ళు కలిసిపోతే గాలికి దారి ఉండదు, శబ్దం సన్నగా, బిగపట్టినట్టు వస్తుంది. ట్రంపెట్‌కు పళ్ళ మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఎడం సరిపోతుంది. ట్రాంబోన్, ట్యూబాలకు ఇంకాస్త ఎక్కువ కావాలి.

2. అదే స్థితిలో నోటి మూలల్ని బిగించండి. బయటికి లాగితే నవ్వు అవుతుంది, ముందుకు తోస్తే ముద్దు అవుతుంది. రెండూ కాకుండా, మూలల్ని ఉన్నచోటే కోరపళ్ళకు ఆనించినట్టు బిగించాలి. వేలితో తాకితే మూల గట్టిగానూ, పెదవి నడిమి భాగం మెత్తగానూ తగలాలి.

3. చుబుకం చదునుగా, కాస్త కిందికి లాగినట్టు ఉండాలి. ఈల వేసేటప్పుడు చుబుకం ఎలా ఉంటుందో దాదాపు అలాగే. చుబుకం మీద చర్మం ముడతలు పడి పైకి గుత్తిగా లేస్తే కింది పెదవి కప్పులోకి తోసుకొస్తోందని అర్థం.

4. మౌత్‌పీస్ ఆనించండి. అడ్డంగా చూస్తే నోటికి నడుమ, లేదా మీ పళ్ళ వరుస ఒప్పుకున్నంత దగ్గరగా. ముందు పన్ను వంకరగా ఉన్నవారికి ఒక పక్కకు కాస్త జరిగితే తప్పేమీ లేదు. నిలువుగా చూస్తే ట్రంపెట్‌కు పై పెదవి సగం, కింది పెదవి సగం దగ్గర మొదలుపెట్టవచ్చు. ఫ్రెంచ్ హార్న్‌కు మూడింట రెండు వంతులు పై పెదవి, ఒక వంతు కింది పెదవి అనేది బాగా స్థిరపడిన పద్ధతి. ట్రాంబోన్, ట్యూబా వాయించేవారిలో కూడా ఎక్కువమంది పై పెదవినే ఎక్కువగా కప్పులోకి తీసుకుంటారు.

5. మూలల్లోంచి ఊపిరి తీసుకుని, పెదవులు కలిపి, గాలి వదలండి. ఊపిరి తీసుకున్న ప్రతిసారీ మౌత్‌పీస్‌ను పెదవి నుంచి తీసేయకండి. తీసి పెట్టిన ప్రతిసారీ చోటు కాస్త మారుతుంది, పెదవి ఏ ఒక్క చోటికీ అలవాటు పడదు.

నాలుగో మెట్టు దగ్గర ఒక జాగ్రత్త చాలా అవసరం. రిమ్ పై అంచు పై పెదవి ఎర్రటి భాగం మీదే ఆగిపోకుండా, దాన్ని దాటి చర్మం మీద ఆనాలి. ఎర్రటి భాగం పలచన, కండ తక్కువ. రిమ్ అక్కడ కూర్చుంటే కదలాల్సిన భాగమే నొక్కుకుపోతుంది. కొన్నాళ్ళు మామూలుగానే వాయిస్తారు గానీ పై స్థాయీ ఓపికా ఒకచోట ఆగిపోతాయి. పెదవులు బాగా దళసరిగా ఉన్నవారికి చోటు కొంత మారవచ్చు. అయినా ముందు పరీక్షించాల్సింది ఇదే.

వాయిద్యం ఏ కోణంలో నిలవాలో మీ దవడ నిర్ణయిస్తుంది. కింది పళ్ళు పై పళ్ళకంటే వెనక ఉండేవారు చాలామంది, వారికి ట్రంపెట్ సహజంగా కాస్త కిందికి వాలుతుంది. దవడను కొద్దిగా ముందుకు తెస్తే రిమ్ బరువు రెండు పెదవుల మీదా సమంగా పడుతుంది. అంతకుమించి, ట్రంపెట్ నేలకు సమాంతరంగా కనపడాలని మెడ వెనక్కి వంచడం మంచిది కాదు, గొంతు బిగుసుకుంటుంది.

పెదవులు తడిగా ఉండాలా పొడిగా ఉండాలా అనే వాదన ఎప్పటినుంచో ఉంది. తడి పెదవి మీద మౌత్‌పీస్ తన చోటు తనే వెతుక్కుంటుంది, పొడి పెదవి మీద పెట్టినచోటే అతుక్కుంటుంది. ఇప్పుడే దిద్దుకుంటున్నవారికి తడే మంచిది. పొడి పెదవి మీద తప్పు చోటు కూడా గట్టిగా అతుక్కుపోతుంది, నొక్కుతున్న సంగతి తెలియకుండా పోతుంది.

మౌత్‌పీస్ బజ్

బజ్ అంటే పెదవుల్ని కంపింపజేసి శబ్దం పుట్టించడం. మౌత్‌పీస్ కాడను చివర దగ్గర బొటనవేలు, చూపుడువేలు రెండింటితోనే పట్టుకోండి. అలా పట్టుకుంటే గట్టిగా నొక్కడం కష్టం. 'హూ' అని గాలి వదులుతూ శబ్దం మొదలుపెట్టండి, నాలుకతో కొట్టకండి. ముందుగా హాయిగా వచ్చే ఒక స్వరం 4 లెక్కలు నిలపండి. తర్వాత సైరన్‌లా కిందికీ పైకీ నెమ్మదిగా జారండి. జారేటప్పుడు శబ్దం తెగిన చోటు ఉంటే అక్కడే పెదవి అమరిక మారుతోంది. అద్దంలో చూస్తే ఆ క్షణాన మూల కదలడమో చుబుకం లేవడమో కనిపిస్తుంది. ఆ చోటికి కొంచెం ఇటూ కొంచెం అటూ పదే పదే జారితే తెగడం తగ్గుతుంది.

రోజుకు 3 నుంచి 5 నిమిషాలు చాలు. మౌత్‌పీస్ ఒక్కటే పట్టుకుని బజ్ చేసేటప్పుడు వాయిద్యం గొట్టం ఇచ్చే సాయం ఉండదు, అందుకే పెదవి ఎక్కువ బిగుస్తుంది. అరగంట చేస్తే ఆ బిగువు వాయిద్యంలోకి కూడా వస్తుంది. మౌత్‌పీస్ లేకుండా ఒట్టి పెదవులతో బజ్ చేయడం కొందరు గురువులు నేర్పుతారు. మూలలు నిలకడగా నిలవనివారు దాన్ని పక్కన పెట్టడమే మంచిది. వారికది పెదవుల్ని పిండడం నేర్పుతుంది.

లాంగ్ టోన్లు

లాంగ్ టోన్ అంటే ఒక్కో స్వరాన్ని చాలాసేపు నిలపడం. మెట్రోనోమ్ (లయ చూపే యంత్రం) నిమిషానికి 60. రెండో గీత జి ని 8 లెక్కలు నిలపండి, 8 లెక్కలు మౌత్‌పీస్ తీసి విశ్రాంతి తీసుకోండి. తర్వాత ఒక్కో అర్ధస్వరం కిందికి దిగండి (బ్రాకెట్లలోవి నొక్కాల్సిన వాల్వ్‌ల అంకెలు): ఎఫ్ షార్ప్ (2), ఎఫ్ (1), ఇ (1-2), ఇ ఫ్లాట్ (2-3), డి (1-3), సి షార్ప్ (1-2-3), సి (వాల్వ్ లేకుండా). మళ్ళీ జి కి వచ్చి పైకి వెళ్ళండి: జి షార్ప్ (2-3), ఎ (1-2), బి ఫ్లాట్ (1), బి (2), సి (వాల్వ్ లేకుండా). ట్రాంబోన్ వారు మొదటి పొజిషన్ (స్లైడ్‌ను నిలిపే చోటు)లోని ఎఫ్ నుంచి ఏడో పొజిషన్‌లోని బి వరకు ఒక్కో పొజిషన్ దిగితే సరిపోతుంది.

ప్రతి స్వరాన్నీ వీలైనంత మెల్లగా మొదలుపెట్టి, నాలుగో లెక్కకు మధ్యస్థంగా పెంచి, మళ్ళీ మెల్లగా ముగించండి. ఈ మెల్లని ఆరంభమే అసలు పరీక్ష. పెద్దగా వాయిస్తే గాలి బలం చాలా లోపాలను కప్పేస్తుంది, మెల్లగా వాయించినప్పుడు ఏదీ దాగదు. గాలి వదిలాక శబ్దం ఆలస్యంగా వస్తోందా? పెదవులు బిగుసుకుపోయి మూసుకున్నాయి, లేదా సందు ఎక్కువై ఒకదానికొకటి అందడం లేదు. తేడా తెలుసుకోవడం సులువు. ముందు బుస్సుమని గాలి వినపడి తర్వాత స్వరం వస్తే సందు ఎక్కువ. ఏమీ వినపడకుండా ఉండి టప్పున పేలినట్టు వస్తే పెదవులు మూసుకుని ఉన్నాయి. మొదటిదానికి మూలల్ని లోపలికి కాస్త బిగించండి. రెండోదానికి పళ్ళు ఇంకాస్త విడదీసి, 'అమ్మ' దగ్గరికి తిరిగి రండి.

ఒక సంగతి. ట్రంపెట్ మీద 1-3తో వచ్చే డి, 1-2-3తో వచ్చే సి షార్ప్ శ్రుతి కంటే ఎక్కువ పలుకుతాయి. అది వాయిద్యపు లక్షణం. పెదవిని వదులు చేసి ఆ శ్రుతిని దించకండి, మూడో వాల్వ్ స్లైడ్‌ను బయటికి జరపండి. ప్రతి డి దగ్గరా పెదవి జారిపోవడం అలవాటైతే ఇన్నాళ్ళూ మూలలకు నేర్పిన నిలకడ అక్కడే పోతుంది.

లిప్ స్లర్లు

వాల్వ్ మార్చకుండా, నాలుకతో కొట్టకుండా ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మారడం ఇది. ఆంబుషూర్‌కు దీన్ని మించిన సాధన లేదని గట్టిగా చెప్పవచ్చు, ఎందుకంటే ఇక్కడ మోసం చేయడం కష్టం.

జి-సి-జి వాల్వ్ లేకుండా మొదలుపెట్టండి. ఒక్కో స్వరం 2 లెక్కలు, మెట్రోనోమ్ 60. తర్వాత అదే నమూనాను 2, 1, 1-2, 2-3, 1-3, 1-2-3 వాల్వ్‌లతో దింపండి. అంటే ఎఫ్ షార్ప్-బి-ఎఫ్ షార్ప్, ఎఫ్-బి ఫ్లాట్-ఎఫ్, ఇ-ఎ-ఇ, ఇలా చివరికి సి షార్ప్-ఎఫ్ షార్ప్-సి షార్ప్ దాకా. మనసులో 'తా-ఈ-ఆ' అనుకోండి. 'ఆ' దగ్గర నాలుక కింద ఉంటుంది, 'ఈ' అనగానే నడిమి భాగం పైకి లేస్తుంది. పై స్వరానికి ఎక్కించాల్సింది ఆ నాలుకే. అద్దంలో చూస్తే మూలలు అంగుళంలో పదో వంతు కూడా కదలకూడదు, మౌత్‌పీస్ లోపలికి దిగకూడదు.

పై స్వరం ఎక్కడం కుదరనప్పుడు గాలి ఆపి మళ్ళీ ఊదడం, లేదా పెద్దగా ఊదడం చేస్తుంటారు. రెండూ వద్దు. మెట్టు ఎక్కడానికి ముందు కింది స్వరం మీదే గాలి కాస్త పెంచి, ఆ ప్రవాహం తెగకుండానే నాలుక ఎత్తండి. దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. పై స్వరం నుంచి కిందికి రాగానే మూలలు వదిలేయడం అందరూ చేసే పొరపాటు, దాంతో కింది స్వరం కుంగిపోయి శ్రుతి తగ్గుతుంది.

ఈ నమూనా 7 వాల్వ్ కూర్పులతో మెల్లగా, శుభ్రంగా వచ్చాకే సి-జి-సి-ఇ వంటి పెద్ద అంతరాలకు వెళ్ళండి.

చేతి ఒత్తిడి తగ్గించడం

మొదట కుడిచేతి చిటికెన వేలిని ట్రంపెట్ మీది హుక్ (వేలు పెట్టే కొక్కెం) లోంచి తీసి దాని పైన ఆనించండి. ట్రంపెట్‌ను ముఖం మీదికి లాగేది చాలావరకు ఆ వేలే. హుక్ ఉన్నది ఎడమచేత్తో పేజీ తిప్పడానికో మ్యూట్ పెట్టడానికో వాయిద్యాన్ని ఒంటిచేత్తో పట్టుకోవడం కోసం. ఎడమచేతి పట్టు కూడా వదులు చేయండి.

తర్వాత ఈ పరీక్ష: ఎడమ అరచేయి తెరిచి, వాయిద్యాన్ని పట్టుకోకుండా దాని మీద నిలిపి, రెండో గీత జి వాయించండి. వస్తే ఎ, తర్వాత బి ఫ్లాట్ ప్రయత్నించండి. శబ్దం విరిగిపోయే చోటే మీ పెదవి అసలు బలం ఆగే చోటు. దానికి పైనున్న స్వరాలన్నీ ఇప్పటిదాకా చేయి ఇచ్చినవే. ఈ పరీక్ష వారానికి ఒకసారి చేస్తే ఎంత ముందుకు వచ్చారో తెలుస్తుంది. ఒత్తిడి పూర్తిగా లేకుండా వాయించడం మాత్రం కుదరదు, గాలి బయటికి పోకుండా రిమ్ పెదవికి ఆనాలి కదా. వాయించాక పెదవి మీద పలచని గుండ్రటి గుర్తు కాసేపట్లో మాయమైతే చింత లేదు. లోతుగా గాడి పడి, ఎర్రబారి చాలాసేపు ఉంటే ఆ రోజు సాధన ఎక్కువ భాగం చేత్తోనే జరిగింది.

తరచూ వచ్చే చిక్కులు

నవ్వు ముఖం: మూలలు బయటికి లాగితే పెదవి పలచబడుతుంది, కప్పు లోపల మెత్తని దిండులాంటి కండ మిగలదు. ఒకటి రెండు పై స్వరాలు వెంటనే దొరుకుతాయి, అందుకే ఇది ఆకర్షిస్తుంది. బదులుగా శబ్దం సన్నబడుతుంది, ఓపిక సగమవుతుంది. దీన్ని మాన్పించడానికి లాంగ్ టోన్ల సమయంలో అద్దం తప్ప వేరే ఉపాయం లేదు.

బుగ్గలు ఉబ్బడం: జాజ్ ట్రంపెట్ కళాకారుడు డిజ్జీ గిలెస్పీ బుగ్గలు బంతుల్లా ఉబ్బించి అద్భుతంగా వాయించారు, నిజమే. కానీ బుగ్గలు ఉబ్బితే సాధారణంగా మూలల పట్టు సడలుతుంది, నాలుకతో గాలి వేగాన్ని అదుపు చేయడం కష్టమవుతుంది. ట్యూబా కింది స్వరాల్లో కొద్దిపాటి ఉబ్బు పెద్ద సమస్య కాదు. ట్రంపెట్‌కు వద్దు.

ఒకే స్వరంలో రెండు శబ్దాలు వినపడడం: రెండు పెదవులూ ఒక లయలో కలవడం లేదు. అలసట వల్ల గానీ, గాలి చాలక గానీ, పళ్ళు బాగా దగ్గరై గానీ వస్తుంది. ఎక్కువగా మధ్య స్థాయిలో మెల్లగా వాయించేటప్పుడే వస్తుంది. ముందు కాసేపు ఆగి విశ్రాంతి ఇవ్వండి. అప్పటికీ ఉంటే గాలి పెంచండి, ఆ తర్వాత పళ్ళ ఎడం చూడండి.

కింది పెదవి పళ్ళ మీదికి ముడుచుకోవడం: శబ్దం మూసినట్టు వస్తుంది, ఒక స్థాయి దాటి పైకి వెళ్ళదు. చుబుకం చదును చేయగానే చాలామందికి ఇది తనంతట తనే సర్దుకుంటుంది.

మూలల్లోంచి గాలి కారడం: సాధన చివర్లో మాత్రమే వస్తే అలసట. మొదటి నిమిషం నుంచే వస్తే మూలలు ఇంకా బలపడలేదు. ఒక పెన్సిల్ చివరను పళ్ళు తగలకుండా పెదవుల మధ్యే పట్టి, అడ్డంగా ముందుకు నిలిపి 20-30 సెకన్లు ఉంచండి. రోజుకు రెండు మూడుసార్లు. మూలలు మండుతున్నట్టనిపిస్తే పని సరైన కండరానికే పడింది.

రోజు సాధన, విశ్రాంతి

ఒకేసారి గంట కంటే, మధ్యలో కొన్ని గంటల ఎడంతో 25 నిమిషాల చొప్పున రెండుసార్లు వాయించడం పెదవికి ఎంతో మంచిది. మొదటి విడతలో బజ్ 3 నిమిషాలు, లాంగ్ టోన్లు 10, స్లర్లు 10. రెండో విడతలో పాటలు, ఎట్యూడ్లు (సాధన కోసం రాసిన రచనలు). వాయించినంతసేపు విశ్రాంతి అనే నియమం మొదటి విడతలో కచ్చితంగా పాటించండి. పెదవి మొద్దుబారిన తర్వాత వాయించిన ప్రతి నిమిషమూ తప్పు కండరాలకు శిక్షణ ఇస్తుంది. గట్టిగా, పైస్థాయిలో చాలాసేపు వాయించిన రోజు చివర్లో 5 నిమిషాలు కింది స్వరాలు మెల్లగా నిలపండి. ట్రాంబోన్ వారికి మొదటి పొజిషన్ పెడల్ (అట్టడుగు) బి ఫ్లాట్ దీనికి చక్కగా పనికొస్తుంది.

మౌత్‌పీస్ పెట్టే చోటే మార్చాల్సి వస్తే, దానికి కొన్ని వారాలు కాదు, నెలలు పడుతుంది. మొదట్లో పై స్థాయి తగ్గుతుంది, శబ్దం పలచబడుతుంది. దగ్గరలో కచేరీ గానీ పరీక్ష గానీ ఉంటే మొదలుపెట్టకండి. రిమ్ ఎర్రటి భాగం మీద కూర్చోవడం లాంటి స్పష్టమైన కారణం ఉంటేనే మార్చండి. అద్దంలో ఒక పక్కకు కనిపిస్తోందన్న ఒక్క కారణానికి మాత్రం వద్దు.

పై స్థాయి కోసం లోతు తక్కువ మౌత్‌పీస్ కొనాలనే కోరిక కూడా ఈ దశలోనే పుడుతుంది. బాక్ కంపెనీ మౌత్‌పీస్‌లలో అంకె తగ్గేకొద్దీ కప్పు వెడల్పు పెరుగుతుంది, అక్షరం ఎ నుంచి ఇ వైపు వెళ్ళేకొద్దీ లోతు తగ్గుతుంది. యమహాలో అంకె పెరిగితే వెడల్పు పెరుగుతుంది. చాలామంది ట్రంపెట్ విద్యార్థులు 7సి తో మొదలుపెట్టి, తర్వాత 3సి లాంటిదానికి వెళ్తారు. ఆంబుషూర్ దిద్దుకుంటున్న నెలల్లో ఉన్నదానితోనే ఉండండి. రిమ్ మారితే ఏది పెదవి వల్ల జరిగింది, ఏది లోహం వల్ల జరిగింది అనేది తెలియదు.

అలసటనూ గాయాన్నీ ఒకటిగా చూడకండి. మూలల్లో మంట, పెదవి బరువెక్కడం అలసట, రాత్రి నిద్రతో తగ్గుతుంది. వాయిస్తుండగా ఒక్కసారిగా పదునైన నొప్పి రావడం, ఆ తర్వాత నిన్నటిదాకా సులువుగా వచ్చిన స్వరం అసలు నిలవకపోవడం, పెదవిలో ఒకచోట గుంటలా తగలడం వేరు. నోటి చుట్టూ ఉండే కండరం చిరిగితే ఇలా ఉంటుంది. జాజ్ ట్రంపెట్ కళాకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ముద్దుపేరు మీద దీన్ని సాచ్మో సిండ్రోమ్ అంటారు. అలాంటప్పుడు అదే రోజు వాయించడం ఆపేసి డాక్టరుకు చూపించండి. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు లాంగ్ టోన్లలోని రెండో గీత జి దగ్గర నుంచి, రోజుకు కొద్ది నిమిషాలతో రండి.